అవతలి జట్టు కూడా మనవాళ్లే



ధర్మం అనగానే మనకు నమాజు, ఉపవాసం, జకాత్ గుర్తుకొస్తాయి. ఆటస్థలం గుర్తుకు రాదు. ఆటలు పిల్లల వ్యవహారమనీ, గడ్డం వచ్చాక అవి తగవనీ మనలో చాలామంది అనుకుంటారు. కాని దైవప్రవక్త (సఅసం) మదీనా జీవితాన్ని హదీసు గ్రంథాల్లో చదివితే పరుగు పోటీలు, గుర్రాల పోటీలు, విలువిద్య మనకు తరచూ ఎదురవుతాయి.

హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. అస్లమ్ తెగవారు కొందరు జట్లుగా చేరి బాణాలు వేస్తున్నారు. దైవప్రవక్త (సఅసం) అటుగా వచ్చి వారిని ప్రోత్సహించారు. హజ్రత్ ఇస్మాయీల్ (అలైహిస్సలాం) కూడా విలుకాడేనని గుర్తుచేసి, తాను ఫలానా జట్టు వైపు ఉన్నానన్నారు. అంతే, రెండో జట్టువారు చేతులు ఆపేశారు. ఎందుకు ఆపారని అడిగితే, తమరు వారి వైపు ఉండగా మేమెలా వేస్తామన్నారు. అప్పుడాయన, వేయండి, నేను మీ అందరితోనూ ఉన్నానని చెప్పారు.

ఈ సంఘటన దగ్గర మనం కాసేపు ఆగాలి. రెండో జట్టువారి దగ్గర బాణాలు అయిపోలేదు, చేతుల్లో సత్తువ తగ్గలేదు. తాము ప్రేమించే మనిషి అవతలి వైపు ఉన్నారన్న ఒక్క ఆలోచనకే వారికి ఆట మీద మనసు పోయింది. ఆయన ఆ ఒక్క మాట అనగానే అది తిరిగి వచ్చింది. గురి తగలడంలో ఉన్న సంతోషం కన్నా, మనవాళ్లు మనతో ఉన్నారనే సంతోషం ఎంత పెద్దదో చూడండి.

ఇప్పుడు మన వీధి మైదానం వైపు చూద్దాం. ప్రతి ఆటలోనూ ఒక కుర్రవాడు ఉంటాడు. కాస్త లావుగా ఉంటాడు, లేదా కాళ్లకు బూట్లు ఉండవు, లేదా కొత్తగా అద్దెకు దిగిన ఇంటివాడు. అతణ్ని చివర్లో ఎవరో ఒకరు తీసుకుంటారు. బ్యాటింగ్ రాదు, బంతి మురిక్కాలువలో పడితే తీసే పని మాత్రం అతనిది. పైగా ఒక ఎగతాళి పేరు. విశ్వాసులు ఒకరినొకరు పరిహసించకూడదనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోకూడదనీ దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా వారిస్తోంది. ఈ ఆదేశం ఆటస్థలానికి వర్తించదని ఎవరు చెప్పారు? నాలుగు రోజులు అలా గడిచాక ఆ కుర్రవాడు రావడం మానేస్తాడు. గదిలో ఒంటరిగా ఫోను పట్టుకు కూర్చుంటాడు. తల్లి అతని బద్ధకాన్ని తిడుతుంది, అసలు సంగతి ఆమెకు తెలియదు.

ఇక ఓటమి సంగతి. దైవప్రవక్త (సఅసం) ఒంటె అద్‌బాను పరుగులో ఏ ఒంటే దాటలేకపోయేది. ఒకరోజు ఒక ఎడారివాసి తన పడుచు ఒంటె మీద వచ్చి దాన్ని దాటిపోయాడు. సహాబాలకు మనసు కష్టమైంది. ఆయన మాత్రం కోపగించలేదు, సాకు వెదకలేదు. లోకంలో పైకెక్కిన దేన్నైనా కిందికి దించడం అల్లాహ్ నియమమని చెప్పారు.  మన దగ్గరో? ఒక్క రనౌట్ కోసం రెండు వీధుల కుర్రాళ్లు కొట్టుకుంటారు, ఆ గొడవకు మర్నాటికల్లా మతం రంగు పులుముతారు.

మన హైదరాబాదులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ బడిపంతులు, ఫుట్‌బాల్ శిక్షకుడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. జకార్తా నాటికి ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన జట్టులో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, తంగరాజ్ ఉన్నారు. తలకు దెబ్బ తగిలినా ఆడి గోలు కొట్టిన జర్నైల్ సింగ్ ఉన్నారు. వారి భాషలు వేరు, మతాలు వేరు. రహీమ్ సాహెబ్ అందరికీ గురువే.

శరీరానికి కూడా మన మీద హక్కుందని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలైనా చురుకుగా నడవడం లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున. ఫజ్ర్ నమాజు అయ్యాక నలుగురు కలిసి నడిస్తే అది తేలిగ్గా తీరిపోతుంది. ఒంటరిగా నడిచేవాడు రెండో వారంలో మానేస్తాడు, గుమ్మం దగ్గర మిత్రుడు ఎదురుచూస్తుంటే మానలేడు.

మన స్త్రీల సంగతి ఏమిటి? చాలా ఇళ్లలో వారికి నడవడానికి డాబా తప్ప మరో చోటు లేదు. మోకాళ్ల నొప్పి మాత్రల ఖర్చు భరిస్తాం, భార్యతో అరగంట నడవడానికి మాత్రం మొహమాటపడతాం. దైవప్రవక్త (సఅసం) ప్రయాణంలో సహచరులను ముందుకు పంపి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పోటీ పెట్టుకున్నారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేశాక మరోసారి పరుగెత్తితే ఆయన గెలిచి, దానికి ఇది చెల్లు అని నవ్వారు. ఆ నవ్వును ఆమె ఎంత మురిపెంగా గుర్తుపెట్టుకుంటే అది మన దాకా చేరి ఉంటుంది!

హద్దులు లేవా అంటే ఉన్నాయి. మర్యాదైన దుస్తులు, నమాజు వేళ, ఎదుటివారికి హాని చేయకపోవడం అందరికీ తెలిసినవే. ఈ రోజుల్లో గట్టిగా చెప్పవలసింది జూదం గురించి. షైతాన్ జూదం ద్వారా మనుషుల మధ్య వైరాన్ని, ద్వేషాన్ని రేపుతాడని అల్ మాయిదా సూరా హెచ్చరిస్తోంది. క్రికెట్ మ్యాచ్ మీద ఫోన్లో డబ్బు కాసేవాడికి ఆటగాడి మీద ప్రేమ ఉండదు, మిత్రుడి మీద నమ్మకం ఉండదు. స్నేహితుల దగ్గర చేబదుళ్లు, ఆపైన అప్పు యాప్‌లు, చివరికి అమ్మ నగలు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. అయితే చట్టం కుర్రవాడి ఖాళీ సాయంత్రాన్ని నింపలేదు. అప్పులపాలై ఇంట్లో ముఖం చాటేసిన కుర్రవాణ్ని మసీదు మెట్ల మీద నలుగురిలో నిలదీయడం కన్నా, అసర్ నమాజు అయ్యాక భుజం మీద చేయి వేసి "రా తమ్ముడూ, ఒక మనిషి తక్కువయ్యాడు" అని మైదానానికి తీసుకెళ్లే అన్న ఒకడు అతనికి కావాలి.