ముక్కుకు లెక్కలు రావు

ఆశ్చర్యపోవడం వయసుతో పాటే పోతుందని చాలామంది నమ్మకం. కాదనడానికి బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లోనే సాక్ష్యం ఉంది. 1918లో వెలువడిన ‘పలాతక’లో టాగోర్ రాసిన ‘ఫాంకి’ కవితకు కీలకమైన సన్నివేశం జరిగేది అక్కడే. ఆ కవితను స్టేషన్‌లో రాసి కూడా పెట్టారు. అందులో 23 ఏళ్ల బిను జబ్బుమనిషి. పెళ్లయ్యాక అత్తింటి గడప దాటి, గాలి మార్పు కోసం భర్తతో తొలిసారి రైలెక్కింది. బిలాస్‌పూర్‌లో బండి మారడానికి 6 గంటలు కూర్చోవాలి. భర్తకు విసుగు, ఆమెకు కంటబడిందల్లా వింత. కూలీ భార్య రుక్మిణి కూతురి పెళ్లికి 25 రూపాయలు ఇవ్వమని బిను అడిగితే, అతను 2 రూపాయలతో రుక్మిణిని పంపేసి, మొత్తం ఇచ్చానని బినుతో అంటాడు. ఇద్దరివీ ఆ పంచేంద్రియాలే. అతను మాత్రం అన్నిటికీ ఖరీదు కట్టుకుంటూ చూస్తున్నాడు.

‘దీంతో నాకేం పని’ అన్న ప్రశ్న అడ్డం రానంతసేపూ పసితనపు విస్మయం బతికే ఉంటుందని నా వాదన. అలా లోపలికి వెళ్లినదే జ్ఞాపకంలో లోతుగా దిగుతుంది. బిలాస్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఆగ్నేయ మధ్య రైల్వే 2022 ఆగస్టు 15న 295 వ్యాగన్లతో ‘సూపర్ వాసుకి’ని నడిపింది, పొడవు మూడున్నర కిలోమీటర్లు. అలాంటి బండికి గేటు పడితే పెద్దలు వాచీ చూసుకుంటారు, పిల్లలు వ్యాగన్లు లెక్కపెడతారు. (ఆ లెక్క దేనికీ పనికిరాదు, అందుకే అంత శ్రద్ధ.) పెద్దయ్యేకొద్దీ కన్నూ చెవీ పనికి లొంగిపోతాయి, ముక్కు అంత తేలిగ్గా లొంగదు. చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే కూడలి దాటి వెళ్లాలి. వాసన ఆ దారి పట్టకుండానే ఉద్వేగానికీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాలను చేరుతుంది. 2006లో ప్రచురితమైన ఒక స్వీడన్ అధ్యయనంలో వృద్ధులకు మాటలు, బొమ్మలు, వాసనలు ఇచ్చి చూశారు. మొదటి రెండూ ఎక్కువగా 11–20 ఏళ్ల నాటి సంగతులు తెచ్చాయి, వాసనలు పదేళ్లలోపుకు తీసుకెళ్లాయి. ఉత్తరాంధ్ర నుంచి బిలాస్‌పూర్‌కు రైలు పనికి వెళ్లి రైల్వే క్వార్టర్లలో స్థిరపడిన తెలుగు ఇళ్లనే తీసుకోండి. లోపల చింతపండు పులుసు, బయట బొగ్గుపొగ. ఈ రెండూ కలిసిన వాసన శ్రీకాకుళానికీ తెలియదు, బిలాస్‌పూర్‌లోని పక్కింటికీ తెలియదు.

వాసన తెచ్చే జ్ఞాపకం నిజమని నమ్మకమేమిటి? న్యాయమైన అనుమానమే. అది గాఢంగా ఉన్నంత మాత్రాన కచ్చితంగా ఉన్నట్టు కాదు. మన నైయాయికులైతే (న్యాయదర్శన పండితులు) స్మృతిని ప్రమ కింద, అంటే యథార్థ జ్ఞానం కింద, జమకట్టనే లేదు. అయితే ఇక్కడ జ్ఞాపకాన్ని ఎవరూ బోనెక్కించడం లేదు. ఏ తేదీన ఏం జరిగిందో వాసన చెప్పలేకపోవచ్చు. లోకాన్ని ఒకప్పుడు ఎలా అందుకున్నామో చెబుతుంది. రెండో ఆక్షేపణ ఇంతకంటే బలమైనది: ఫైర్‌మన్ ఊపిరితిత్తులను తినేసిన బొగ్గుపొగను ముచ్చటగా తలచుకోవడం ఏం మర్యాద? ఒప్పుకోవాల్సిందే, కానీ ఆశ్చర్యపడటం వేరు, మెచ్చుకోవడం వేరు. బిను విస్మయం రుక్మిణి పేదరికాన్ని అందంగా మార్చలేదు. పైగా ఆ కష్టం చెవినపెట్టింది ఆమే. లెక్కలు తెలిసిన భర్తకు అది వినబడలేదు. ఆవిరి ఇంజన్లతోనే ఆ ముచ్చట తీరిపోయిందనేవారి మాట మాత్రం నేను పట్టించుకోను. బ్రాడ్‌గేజ్ మీద అవి 1995లో ఆగిపోయాయి. ఆ తర్వాత పుట్టినవాళ్లకు వానలో తడిసిన బొగ్గు, వేడెక్కిన బ్రేకుల వాసన ఉంది. చిన్నపిల్లల చేత చెట్ల పేర్లు వల్లె వేయించే టీచర్లకు ఒక్క మనవి: ముందు ఆకు నలిపి వాసన చూడనివ్వండి, పేరు తర్వాత చెప్పండి.