కొండకి దారి ఎవరిని అడగాలి?

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు ఒక మాట చెబుతాడు. ఒక మనిషిని కళ్ళకు గంతలు కట్టి గాంధార దేశం నుంచి తీసుకొచ్చి, మనుషులు లేని చోట వదిలేశారట. అతను దిక్కు తోచక కేకలు పెడితే, ఎవరో గంతలు విప్పి గాంధారం ఫలానా వైపు అని చూపించారు. ఆ మనిషి ఊరూరా అడుగుతూ ఇల్లు చేరాడు. గురువు దొరికినవాడి సంగతి ఇంతేనని ఉద్దాలకుడి భావం. ఈ కథలో మన చూపంతా గంతలు విప్పినవాడి మీదే ఉంటుంది. కానీ అతను చూపింది దిక్కు మాత్రమే. దారి దాటించింది మధ్య ఊళ్ళలోని పేరు లేని జనం. వాళ్ళను అడుగుతూ వెళ్ళినవాణ్ణి ఉపనిషత్తు తెలివైనవాడనే అంటుంది. దసరాకు మొదటిసారి బెజవాడ రాబోయే మనిషి కూడా అదే పని చేస్తాడు. అమ్మవారి కొండ ఇంద్రకీలాద్రికి ఏ రోజు వెళ్ళాలి, ఏ ఘాటులో స్నానం చేయాలి, ఎండకి ఆగగలమా అని ఆ ఊరివాళ్ళను వాకబు చేస్తాడు. అలా పోగుచేసుకున్నది జ్ఞానమా, లేక అరువు మాటలా? నా దృష్టిలో అది జ్ఞానమే. కాకపోతే చెప్పినవాడు ఆ ఊరివాడైనంత మాత్రాన అది జ్ఞానం అయిపోదు.

ఇది మన దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్న విషయం. కంటితో చూసిందే నమ్ముతామన్నారు చార్వాకులు. ఒకరు చెప్పగా తెలిసింది అనుమాన ప్రమాణంలోనే ఒక రకం, దానికి వేరే పీట అక్కర్లేదన్నారు వైశేషికులూ, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడూ. నైయాయికులు ఒప్పుకోలేదు. ఆప్తుడి మాట దానంతట అదే ప్రమాణమని గౌతముడి న్యాయసూత్రం. ఆప్తుడంటే ఎవరో వాత్స్యాయనుడు భాష్యంలో తేల్చాడు: విషయాన్ని నేరుగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా అన్నాడు. అంత పాతకాలంలో, అదీ ఒక శాస్త్ర గ్రంథంలో, ఈ మాట రావడం చిన్న సంగతి కాదు. దసరాలో మూలా నక్షత్రం నాడు అమ్మవారికి సరస్వతీ అలంకారం ఎందుకో పండితుడు చెబుతాడు. ఆ రోజు క్యూలైను ఎక్కడిదాకా సాగుతుందో, పసిపిల్లలతో ఎన్ని గంటలు నిలబడాలో కొండ కింద పూలు అమ్మే ఆవిడకు తెలుస్తుంది. ఆ సంగతిలో ఆవిడే ప్రమాణం, పండితుడు కాదు. కులం, చదువు, హోదా అన్నీ పక్కన పెట్టి ఒక మనిషి మాటకు తలవంచడం అప్పుడు తప్పదు.

ఊరివాళ్ళకే ఊరు తెలియదుగా అని ఎవరైనా అనవచ్చు. అది నిజం కూడా. మొగల్రాజపురం గుహల పక్కనే కాపురముండి ఒక్కసారీ లోపలికి తొంగిచూడనివాళ్ళు ఉంటారు. అంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది: తెలిసినవాడు నిజమే చెబుతాడని హామీ ఏమిటి? 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంగోలు నుంచి వచ్చిన యాత్రికులు. నది ఎంత తెలిసినవాడైనా, పడవ నిండితే లాభం వచ్చేవాడు 'ఏం ఫర్వాలేదు' అంటే ఆ మాటకు విలువ ఉండదు. వాత్స్యాయనుడు పెట్టిన రెండో షరతు ఇందుకే. ఈ రెండు ఆక్షేపణలూ అడగడాన్ని తప్పుపట్టవు, ఎవరిని ఏం అడగాలో నేర్చుకోమంటాయి. కేసపుత్తంలో కాలాములకు బుద్ధుడు చెప్పింది కూడా ఇదేనని నేను అనుకుంటాను. విన్నంత మాత్రాన, గ్రంథంలో ఉన్నంత మాత్రాన నమ్మవద్దన్నాడే గానీ, ఎవరినీ అడగవద్దనలేదు. విజ్ఞులు మెచ్చేదేమిటో చూసుకోమని కూడా అన్నాడు.

అసలు చిక్కు స్థలపురాణం దగ్గర వస్తుంది. క్యూలైను సంగతి చెప్పిన నోరే, అర్జునుడు తపస్సు చేసి పాశుపతం పొందిన ఇంద్రకీలాద్రి ఇదేనని చెబుతుంది. మహాభారతంలోనేమో అర్జునుడు హిమవంతం దాటి ఇంద్రకీలానికి వెళతాడు. ఆప్తవాక్యం రెండు రకాలని గౌతముడే విడదీశాడు: కనిపించే విషయం గురించినది, కనిపించని విషయం గురించినది. ఆ తర్వాత మంత్రం, ఆయుర్వేదం ఫలిస్తున్నాయి కనుక అదే ఆప్తులు చెప్పిన వేదం కూడా నమ్మదగినదేనని వాదించాడు. ఇక్కడ నాకు గౌతముడితో పేచీ ఉంది. ఘాటులో ఏ మెట్టు పాచిపట్టి జారుతుందో సరిగ్గా చెప్పాడని, అర్జునుడు ఎక్కడ కూర్చున్నాడో కూడా అతనికి తెలుసనుకోలేం. నేరుగా ఎరిగి ఉండాలన్న షరతు అక్కడ నిలవదు. అయితే బెజవాడవాడికి నేరుగా తెలిసినది ఒకటి ఉంది. తన తాతముత్తాతలు ఈ కొండను అలాగే కొలిచారన్నది. కిరాతార్జునుల కథ చెక్కిన శతాబ్దాల నాటి స్తంభం అందుకు సాక్ష్యం. యాత్రికుడికి అర్జునుడి చిరునామా దొరక్కపోవచ్చు, ఈ ఊరి భక్తి ఎంత పాతదో మాత్రం దొరుకుతుంది. అది తక్కువేమీ కాదు.

భక్తులు కొందరు ఇంకో మాట అంటారు: అమ్మ పిలిస్తే వెళతాం, ముందే రద్దీ లెక్కలు వేసుకుంటే అది శరణాగతి అవుతుందా అని. నాకిది అంత బరువైన వాదంగా తోచదు. 2016 ఆగస్టులో పన్నెండు రోజుల కృష్ణా పుష్కరాలకు తరలివచ్చినవాళ్ళు ఏ ఘాటుకు వెళ్ళాలో అడిగారు, అందువల్ల వాళ్ళ మునకకు పుణ్యం తగ్గిందని ఎవరూ అనరు. శరణాగతి అమ్మవారి ముందు చూపించాల్సింది. బస్టాండులో వివరం అడగకుండా బయల్దేరి, వెంట వచ్చిన ముసలివాళ్ళను ఎండలో నిలబెడితే అది మొండితనమే.

అడిగేవాడు ఎప్పుడూ పుచ్చుకునేవాడేనా అన్న సందేహం ఒకటి మిగిలింది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కృష్ణా తీరాన ధనకటకానికి వచ్చాడు. ఆయన చూసిన నగరం అమరావతా, బెజవాడా అని చరిత్రకారులు తర్వాత చాలా తర్జనభర్జన పడ్డారు. హుయిలీ రాసిన జీవిత చరిత్ర ప్రకారం, అక్కడ ఆయన సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు మహాసాంఘిక భిక్షువుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం చదువుకున్నాడు. తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలను వాళ్ళకు చెప్పాడు. ఆ పైన స్థానికులైన ఆ ఇద్దరూ ఆయనతో కలిసి పుణ్యక్షేత్రాలు చూడడానికి బయల్దేరారు.