ఒప్పించే నేర్పు నిజానికి అండేనా?

1632లో ఫ్లారెన్సులో అచ్చయిన గెలీలియో 'సంభాషణ'లో సాల్వియాతి, సాగ్రెదో, సింప్లీచియో అనే ముగ్గురు వెనిస్‌లో నాలుగు రోజుల పాటు వాదించుకుంటారు. భూమి తిరుగుతోందా, కదలకుండా ఉందా అన్నది తగవు. పండితుల లాటిన్‌ను పక్కనపెట్టి గెలీలియో దీన్ని జనం మాట్లాడే ఇటాలియన్‌లో రాశాడు.

భూమి తిరుగుతుంటే మనకెందుకు తెలియడం లేదు? జవాబుగా సాల్వియాతి పాఠకుణ్ణి ఓడ అడుగు గదిలోకి తీసుకెళ్తాడు. అక్కడ సీతాకోకచిలుకలు ఎగురుతుంటాయి, తొట్టిలో చేపలు ఈదుతుంటాయి, పైన వేలాడే సీసాలోంచి నీటిబొట్లు కింది పాత్రలో పడుతుంటాయి. ఓడ ఆగి ఉన్నా, కుదుపు లేకుండా సాగిపోతున్నా వీటిలో ఏ తేడా కనిపించదు. ఇందులో కథ ఎక్కడ ముగిసింది, భౌతికశాస్త్రం ఎక్కడ మొదలైంది? విడదీయలేం. ఆ గదిని తీసేస్తే వాదమే మిగలదు.

అయితే అదే కలం నాలుగో రోజున దారి తప్పింది. సముద్రపు ఆటుపోట్లకు భూమి కదలికే కారణమని, భూమి తిరుగుతోందనడానికి అదే గట్టి రుజువని గెలీలియో వాదించాడు. చంద్రుడి ప్రభావాన్ని చెప్పిన కెప్లర్‌ను తప్పుబట్టాడు. ఆ విషయంలో సరైన దారిలో ఉన్నది కెప్లరే.

ఒకే నేర్పు ఒకచోట నిజాన్ని, మరోచోట పొరపాటును నిలబెట్టింది. మరి ఆ నేర్పును నమ్మాలా? ప్లేటో 'గోర్గియాస్'లో దాన్ని అనుమానించాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ దానిపై శాస్త్రమే రాశాడు.

మన నైయాయికుల, అంటే న్యాయశాస్త్ర పండితుల, జవాబు ఇంకా సూటిగా ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు 'తర్కసంగ్రహం'లో అనుమానాన్ని, అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకోవడాన్ని, రెండుగా విడదీశాడు. కొండమీద పొగ చూసి నిప్పుందని తనకు తాను తెలుసుకోవడం స్వార్థానుమానం. ఎదుటివాడికి తెలియజెప్పేది పరార్థానుమానం. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలు, అంటే వాదంలోని మెట్లు, ఈ రెండోదానికే కావాలి. అంటే ఒప్పించడం జ్ఞానానికి పైపూత కాదు, అది మరొకరికి చేరే మార్గం. ఆ మార్గంలోనూ న్యాయశాస్త్రం హద్దులు గీసింది: నిజం కోసం సాగేది వాదం, గెలుపు కోసం సాగేది జల్పం, తనకంటూ పక్షం లేకుండా ఖండించేది వితండం.

ఈ కొలతతో చూస్తే గెలీలియో ఓడ గది అచ్చమైన వాదం. పోప్ ఎనిమిదో అర్బన్‌కు ఇష్టమైన తర్కాన్ని, పుస్తకమంతా ఓడిపోయే సింప్లీచియో నోట పెట్టడం మాత్రం జల్పం వైపు వేసిన అడుగు. 1633లో ఈ పుస్తకంపై చర్చి విచారణ జరిపింది, గెలీలియో తన మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అలా బలవంతంగా మాట మార్పించడం అన్యాయం, అందులో సందేహం లేదు.

విజ్ఞానం బోధించే మన ఉపాధ్యాయులు ఓడ గదిని పిల్లలకు చదివి వినిపించాలి. ఆటుపోట్ల వాదాన్నీ అంతే శ్రద్ధగా వినిపించి, తప్పెక్కడుందో వాళ్లనే పట్టుకోనివ్వాలి.