ఎగతాళి, మర్యాద, మన విద్యార్థులు

దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరులో 'దిల్' పారసీ మాట. 'సుఖం', 'నగరం' సంస్కృతం నుండి వచ్చినవి. ఎల్.బి.నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. అది మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరు. అందులోని 'బహదూర్' పారసీ ద్వారా మనకు అందిన మాట, 'శాస్త్రి' సంస్కృతం. పేర్లు కలిసిపోయినంత సులభంగా మనుషులు కలిసిపోతున్నారా? ఈ రెండు కూడళ్ల మధ్యనున్న చైతన్యపురి, కొత్తపేట వీధుల నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లే. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుండి, ఆంధ్ర ప్రాంతం నుండి వచ్చిన పిల్లలు ఒకే గదిలో పడుకుంటారు, ఒకే మెస్‌లో తింటారు. అక్కడే ఒకరి యాసను మరొకరు వెక్కిరించడం, ఒకరి దుస్తులను మరొకరు నవ్వులాటకు వేసుకోవడం కూడా జరుగుతుంది. "సరదాకి అన్నాంరా" అన్న ఒక్క మాటతో అది ముగిసిపోతుంది. అన్నవాడికి ముగుస్తుంది. మరి పడ్డవాడికి?

పాశ్చాత్య దేశాల విశ్వవిద్యాలయాల్లో దీనిపై చాలాకాలంగా వాదోపవాదాలు సాగుతున్నాయి. ఎవరినీ కించపరచని మాటలే వాడాలన్న పట్టింపును అక్కడ 'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అంటారు. ఒక జాతికి చెందిన వేషభాషలను ఆ జాతి పట్ల గౌరవం లేకుండా మరొకరు తమ అవసరానికి వాడుకోవడాన్ని 'కల్చరల్ అప్రాప్రియేషన్' అంటారు. 2011లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ సంస్కృతి ఎవరికో పండుగ వేషం కాదంటూ పోస్టర్లు వేశారు. నడుముకు బాంబులు కట్టుకున్న అరబ్బు వేషం కూడా వారు తప్పుపట్టిన వేషాల్లో ఒకటి. 2015 అక్టోబరులో యేల్ విశ్వవిద్యాలయం ఇటువంటి వేషాలు వద్దని విద్యార్థులకు సూచించింది. ఏ వేషం తగునో విద్యార్థులనే తేల్చుకోనివ్వరాదా అని అక్కడి అధ్యాపకురాలు ఎరికా క్రిస్టాకిస్ ఈమెయిల్ రాశారు. దానిపై పెద్ద ఆందోళన జరిగింది. ఆ ఏడాది చివరికి ఆమె అక్కడ బోధన మానుకున్నారు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కాని పేరు కొత్తదైనా జబ్బు మన దగ్గరిదే.

మన చుట్టూ జరుగుతున్నది

తెలంగాణ యాసను గుర్తుచేసుకోండి. దశాబ్దాల తరబడి తెలుగు సినిమాల్లో ఆ యాస హాస్యగాళ్లకు, రౌడీలకు మాత్రమే దక్కింది. హాస్టల్లో నోరు విప్పితే నవ్వుతారని ఎందరో పిల్లలు ఇంటి మాట దాచుకుని పుస్తకాల తెలుగు అరువు తెచ్చుకున్నారు. 2014లో రాష్ట్రం ఏర్పడింది. కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' వంటి సినిమాల్లో అదే యాస కథను నడిపించింది. యాస మారలేదు, దాన్ని చూసే చూపు మారింది. అయితే "నక్కో", "హౌ" అంటూ హైదరాబాదీ ఉర్దూను వెక్కిరించడం మాత్రం ఇంకా హాస్యంగానే చెల్లుతోంది.

ఇంకొక ఉదాహరణ చూద్దాం. ఎల్.బి.నగర్ నుండి సాగర్ రోడ్డు పట్టుకుని వెళితే దేవరకొండ వైపు ఎన్నో లంబాడా తండాలున్నాయి. అక్కడి నుండి చదువుకు వచ్చే అమ్మాయి తల్లి అద్దాలు కుట్టిన తన సంప్రదాయ దుస్తుల్లో బస్సెక్కితే వింతగా చూసేవారుంటారు. ఆ చూపులకు జంకి కూతురు ఆ దుస్తులనే మానేస్తుంది. కాని కాలేజీలో 'ఎత్నిక్ డే' వచ్చిందంటే అవే దుస్తులను అద్దెకు తెచ్చుకుని వేదికనెక్కే వారికి చప్పట్లు పడతాయి. సొంతదారుకు సిగ్గు, అరువు తెచ్చుకున్నవారికి మెప్పు. అన్యాయమంతా ఇక్కడే ఉంది.

బురఖా సంగతీ అంతే. 2022లో కర్ణాటకలో తరగతి గదుల్లో తలగుడ్డపై నిషేధం వచ్చింది. ఆ ఏడాది మార్చి 15న అక్కడి హైకోర్టు దానిని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. అదే రాష్ట్రంలో, అదే ఏడాది డిసెంబరులో, మంగళూరులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల వేదికపై నలుగురు అబ్బాయిలు బురఖాలు వేసుకుని సినిమా పాటకు చిందులు వేశారు. మన నగరంలోనూ 2023 జూన్‌లో సంతోష్‌నగర్‌లోని ఒక మహిళా కళాశాలలో డిగ్రీ పరీక్షకు వచ్చిన విద్యార్థినులతో బురఖా తీయించి లోనికి పంపారని వార్తలు వచ్చాయి. విశ్వాసంతో ధరించే అమ్మాయికి ద్వారం దగ్గర ఆటంకం, వినోదానికి వేసుకునే అబ్బాయికి వేదిక!

ఇక 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లు ఎందరో అమాయకుల ప్రాణాలు తీశాయి. అటువంటి చోట గడ్డం పెంచుకున్న సహ విద్యార్థిని "బాంబు" అని పిలవడం ఏ రకమైన సరదా? ఆ మాట బ్రతికున్న కుర్రవాడినీ గాయపరుస్తుంది, చనిపోయినవారి బాధనూ చులకన చేస్తుంది.

మాట మార్చుకోవడం చిన్న విషయమా?

"ప్రతి మాటకూ ఉలిక్కిపడితే ఇక మాట్లాడేదెలా?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. కాని మాటను సరిదిద్దుకోవడం నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదని మనకు తెలిసి ఉండాలి. దైవప్రవక్త (స) సభలో తమను గమనించమని కోరడానికి విశ్వాసులు 'రాఇనా' అనేవారు. మాటలో దోషం లేదు. కాని కొందరు నాలుక మెలిపెట్టి దానిని ఎగతాళిగా మార్చారు. అప్పుడు అల్లాహ్ ఆ మాటను విడిచి 'ఉన్‌జుర్‌నా' అనమని విశ్వాసులను ఆదేశించాడు (అల్ బఖర: 104). అంటే మన ఉద్దేశం మంచిదైనా, అవమానానికి దారితీసే మాటను వదులుకోవలసిందే. అలాగే యజమానులు "నా బానిస" అనకుండా "నా అబ్బాయి", "నా అమ్మాయి" అనే అర్థం వచ్చే మాటలు వాడాలని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిమ్). అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఒక వర్గం మరొక వర్గాన్ని పరిహసించడాన్ని, చెడ్డ మారుపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. పరిహాసానికి గురైనవారే మేలైనవారు కావచ్చునని హెచ్చరించింది.

అరువు వేరు, అపహాస్యం వేరు

అలాగని ఒకరిది మరొకరు ముట్టుకోకూడదని గోడలు కట్టుకోవాలా? అవసరం లేదు. దైవప్రవక్త (స) సిరియాలో తయారైన, చేతులు బిగుతుగా ఉండే అంగీని ధరించారు (బుఖారీ, ముస్లిమ్). మదీనా రక్షణకు కందకం తవ్వాలన్నది పారశీకుడైన సల్మాన్ (రజి) తెచ్చిన ఆలోచన. మంచిని ఎక్కడి నుండైనా స్వీకరించవచ్చు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌ను రమజాన్ నెలలో అన్ని మతాలవారూ ఇష్టంగా తింటారు. అది చూసి మనం సంతోషిస్తాం. పెళ్లికి షేర్వానీ తొడుక్కున్న హిందూ సోదరుడు మనల్ని అవమానించినట్లు కాదు.

తేడా ఎక్కడుంది? అరువు తెచ్చుకున్నవాడు సొంతదారు ఎదురుగా నిలబడి ఆ వేషం వేయగలడా, ఆ మాట అనగలడా అన్న ప్రశ్నలో ఉంది. అతనితో కలిసి నవ్వుతున్నామా, అతన్ని చూసి నవ్వుతున్నామా అన్నదే గీటురాయి. ఇక మత చిహ్నాల విషయంలో హద్దు మరింత స్పష్టం. ఇతరుల ఆరాధనా చిహ్నాలను మనం స్వీకరించం. అలాగని వాటిని దూషించే అనుమతీ మనకు లేదు (అల్ అన్ఆమ్: 108). మన బురఖాను గౌరవించమని అడిగే మనం కాలేజీ నాటకంలో పూజారి వేషాన్ని వెక్కిరింపుగా వేయడం తగదు.

మన ఇంటి సంగతి

ఈ గీటురాయిపై ముందు మన ఇళ్లనే పరీక్షించుకోవాలి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల మాతృభాష తెలుగు. తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికిన కష్టజీవులు వారు. ఉర్దూ సరిగా రాదని, ఇంట్లో తెలుగే మాట్లాడతారని వారిని "సగం ముస్లిములు"గా చూసే చిన్నచూపు మన సమాజంలో ఉంది. తెలుగు సామెతలు వారిని ఒకవైపు పరిహసిస్తే, తోటి ముస్లిములు మరోవైపు పరిహసించారు. ఊళ్లో తురకవాడని, మస్జిదులో తెలుగువాడని అనిపించుకున్న పిల్లవాడు ఎక్కడికి పోవాలి? మన వీధుల్లో దళితుల కులనామాలనే తిట్లుగా వాడే అలవాటు కూడా అంతే నీచమైనది. అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా కాగలదు.

దిద్దుబాటు ఎలా ఉండాలి?

చట్టాలు అవసరమే. మన రాష్ట్రంలో 1997 నుండి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. యు.జి.సి. 2009 నిబంధనలకు 2016లో చేసిన సవరణ మతం, కులం, ప్రాంతం, భాష, రూపం ఆధారంగా వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌గానే పరిగణించింది. పిల్లలకు, తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసి ఉండాలి. నిత్యం వేధింపు ఎదురైతే మౌనంగా భరించనవసరం లేదు.

కాని శిక్షతోనే అన్నీ చక్కబడవు. మంగళూరులో చిందులు వేసిన ఆ నలుగురూ ముస్లిములేనని కళాశాలే ప్రకటించింది, వారిని సస్పెండ్ చేసింది. వేషం వేసినవాడు మనవాడైనంత మాత్రాన ఎగతాళి ధర్మసమ్మతం కాదు. అలాగే ఒక తెలివితక్కువ పనికి కుర్రవాడి ముఖాన జీవితమంతా చెరగని ముద్ర వేయడమూ న్యాయం కాదు. మాటలను సరిదిద్దే ఉద్యమం మనుషులను వెలివేసే ఉద్యమంగా మారితే, అది కూడా మరొక రకమైన ఎగతాళే అవుతుంది.

అబూజర్ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి కించపరిచారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని దైవప్రవక్త (స) ఆయన ముఖం మీదే చెప్పారు. సేవకులు మీ సోదరులని, మీరు తినేదే వారికి పెట్టాలని, మీరు తొడిగేదే వారికి తొడగాలని బోధించారు. అబూజర్‌ను దూరం మాత్రం చేయలేదు. ఆ తర్వాత చూసినవారికి అబూజర్, ఆయన సేవకుడు ఒకే రకమైన వస్త్రాల్లో కనిపించారు (బుఖారీ, ముస్లిమ్). నోటితో మొదలైన దిద్దుబాటు ఒంటి మీది గుడ్డ దాకా వెళ్లింది. మాట మార్చుకుని మనసు మార్చుకోకపోతే అది నటన. మనసు మారిందని చెప్పి మాట మార్చుకోకపోతే అది వట్టి కబుర్లు.

సోదరులారా, సోదరీమణులారా! హాస్టల్ నుండి ఇంటికి వచ్చిన పిల్లలను మార్కుల గురించి అడుగుతాం. నిన్ను ఎవరైనా వెక్కిరించారా అని కూడా అడుగుదాం. ఆ వెంటనే, నువ్వు ఎవరినైనా వెక్కిరించావా అని అడగడం మరచిపోవద్దు. రెండో ప్రశ్నే మన సంస్కారానికి అసలు పరీక్ష. ఇతరుల పరువును మన పరువులా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.