దొరకని పుట: తప్పెవరిది?

వెబ్‌సైటులో కోరిన పుట లేనప్పుడు దాని స్థానంలో కనిపించే పుటను చమత్కారంగా తీర్చిదిద్దటం యీనాడు ఒక కళగా చెలామణీ అవుతోంది. దారి తప్పిన వ్యోమగామి, తెల్లమొహం వేసిన కుక్కపిల్ల, కింద ఒక హాస్యోక్తి. కళ పట్ల మనకు విరోధం లేదు. కాని వస్తువును విడిచి రూపాన్ని మెచ్చుకోవటం మన పద్ధతి కాదు గనక, ఆ పుట చెప్పవలసిన వస్తువేమిటో ముందు విచారించాలి.

సర్వరు మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. సంఖ్య 4తో మొదలయితే తప్పు అడిగినవాడిది, 5తో మొదలయితే సర్వరుది. కోరింది దొరకలేదనే 404 మొదటి తెగకు చెందింది. యజమానే పుటను వేరొకచోటికి మార్చి, కొత్త చిరునామా చెప్పకపోయినా పడేది సాధారణంగా అదే అంకె. యిల్లు మారినవాడు కబురు చెయ్యక, వెతుక్కుంటూ వచ్చిన చుట్టాన్ని తప్పుపట్టినట్టుంది! తీసేశామని ఒప్పుకునేందుకు 410 వుంది, వాడేవారు అరుదు. చట్టం పేరిట అడ్డగించిన పుటకు 2015 డిసెంబరులో 451ని ఆమోదించారు. రే బ్రాడ్‌బరీ 1953 నవల పేరులోని సంఖ్య అది. అడ్డగించింది యెవరో చెప్పే యేర్పాటు కూడా అందులో వుంది. ఆ పట్టికలో నీతి తెలిసిన అంకె అదేనని నా అభిప్రాయం.

విసుగెత్తినవాణ్ణి కాస్త నవ్విస్తే తప్పేమిటని మిత్రులు అడగవచ్చు. కాలక్షేపానికి వచ్చినవాడి విషయంలో తప్పేమీ లేదు. కాని చింతపల్లిలో నా విద్యార్థి సిగ్నలు కోసం గట్టెక్కి, గడువు ఆఖరి రోజున ఉపకారవేతనం పుట తెరిస్తే, దొరికేది యింగ్లీషు చమత్కారమా? "నేనే యేదో తప్పు నొక్కాను మాస్టారూ" అంటాడు. తరతరాలుగా కచేరీ గుమ్మాల దగ్గర తప్పు తనదేనని విన్నవాడు యింకేమంటాడు? అతని చేత ఆ మాట అనిపించిన బొమ్మ యెంత ముద్దుగా వున్నా నాకు నవ్వు రాదు.

యీ వూళ్ళోనే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషనును ముట్టడించి ఆయుధాలు పట్టుకుపోయాడు. తీసుకున్నవాటి వివరం రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళటం ఆయన దాడుల రీతి. ఖాళీ అయిన చోట యేముండేదో, తీసిందెవరో, తర్వాత వచ్చి చూసినవాడికి తెలిసేది. సర్కారు సైట్లు ఆపాటి వివరం యివ్వలేవా?

పుట యెందుకు లేదు, లోపం యెవరిది, గడువు పెంచుతారా, యెవరిని అడగాలి—యివి తెలుగులో రాయాలి. ఆ తర్వాత బొమ్మ గీస్తామంటే గీయనివ్వండి. వ్యోమగామికి బదులు అడవికోడిని గీస్తే మా పిల్లలు వెంటనే గుర్తుపడతారు.