తెర మీది ప్రమాణం

భారతీయ తర్కశాస్త్రం యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనాన్ని ప్రమాణం అంటుంది. 17వ శతాబ్దానికి చెందినవాడిగా భావించే తెలుగు పండితుడు అన్నంభట్టు, బాలురకు సులువుగా బోధపడాలన్న ఉద్దేశాన్ని మొదటి శ్లోకంలోనే ప్రకటించి, తర్కసంగ్రహమనే చిన్న గ్రంథంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను నిర్వచించాడు. ఒక సంగతి తెలుసునని ఏ ఆధారంతో అనవచ్చునో విచారించడాన్ని సంస్కృత పాఠశాలల్లో తరతరాల విద్యార్థులు ఆ పుస్తకంతోనే మొదలుపెట్టారు. నేటి ఉన్నత పాఠశాలలో ఆ విచారణకు కేటాయించిన పీరియడ్ లేదు. సీబీఎస్‌ఈ 11, 12 తరగతులకు మాస్ మీడియా స్టడీస్‌ను నైపుణ్య విషయంగా ప్రవేశపెట్టినా, కెమెరా పట్టుకోవడం, మైకు అమర్చడం, ఎడిటింగ్ చేయడం ఉపాధికి పనికివచ్చే పనితనంగానే చాలామంది లెక్కిస్తారు. ఆ లెక్క చాలా తక్కువ అంచనా. పదిహేనేళ్ల విద్యార్థి శబ్దాన్ని, దృశ్యాన్ని కోసి అతికించడం నేర్చుకునే గదిలోనే ప్రమాణవిచారం మళ్లీ మొదలుకావాలి. కాకపోతే ఆ చదువు విద్యార్థి చేతికి ఒక శక్తినిచ్చి, దాని స్వభావాన్ని మాత్రం చెప్పకుండా వదిలేసినట్టే.

మొదట తేల్చుకోవలసింది వీడియో ఏ ప్రమాణం కిందికి వస్తుందన్నది. చూసేవారు దాన్ని ప్రత్యక్షంగానే స్వీకరిస్తారు, కళ్లారా చూశామంటారు. అయితే ఇంద్రియానికీ వస్తువుకూ ఏర్పడే సన్నికర్షం, అంటే సంబంధం వల్ల పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమని నైయాయికులు, అంటే న్యాయదర్శన తార్కికులు, నిర్వచించారు. ఫోనులో వరద దృశ్యం చూస్తున్న వ్యక్తి కంటికి సంబంధం ఏర్పడింది తెర మీది వెలుగుతో, నదితో కాదు. పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతిలోనే, చిత్రాన్ని చూసి కెమెరా ముందు ఒక సంఘటన జరిగి ఉంటుందని అతడు ఊహిస్తున్నాడు కనుక అది అనుమాన ప్రమాణమని వాదించవచ్చు. కానీ అనుమానానికి వ్యాప్తి కావాలి, అంటే ఒకటి ఉన్నచోటల్లా రెండోది తప్పకుండా ఉంటుందన్న నియమం కావాలి. జరగని సంఘటనకు రూపాన్ని, పలకని మాటకు గొంతును కృత్రిమ మేధ కల్పించగలుగుతున్న కాలంలో ఆ నియమం భంగమైంది. తర్కపరిభాషలో చెప్పాలంటే హేతువు (పొగలా ఊహకు ఆధారమైనది) వ్యభిచరించింది, సాధ్యం (నిప్పులా ఊహించదలచినది) లేనిచోట కూడా కనిపించింది. పోలిక ద్వారా పేరుకు అర్థాన్ని తెలిపే ఉపమానం ఇక్కడ పొసగదు. ఇక మిగిలేది శబ్దం. శబ్దమంటే ఆప్తవాక్యమనీ, ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడనీ అన్నంభట్టు అన్నాడు. వీడియో ఒకరు మరొకరికి చెప్పిన మాట, దాని ప్రామాణ్యం చెప్పినవారి నిజాయితీ మీదే నిలుస్తుంది. ప్రేక్షకుడిగా మాత్రమే ఉన్నంతకాలం ఈ సంగతి విద్యార్థికి తట్టదు. ట్రైపాడ్‌ను ఎక్కడ నిలపాలో తానే నిర్ణయించిన రోజున, ఫ్రేమ్ బయట ఏం వదిలేశాడో తనకు తెలుసు కనుక, తట్టక తప్పదు.

వీడియో అనే ఈ మాటకు వాక్యనిర్మాణం కూడా ఉంది. పదాల నుంచి వాక్యార్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని తర్కసంగ్రహం చెబుతుంది: ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష, వాటి అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత, ఆలస్యం లేకుండా ఒకదాని వెంట ఒకటి రావడం సన్నిధి. 1920 ప్రాంతంలో రష్యాలో చలనచిత్ర దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగాన్ని సన్నిధి శక్తికి నిదర్శనంగా చదవవచ్చు. నటుడు ఇవాన్ మొజూఖిన్ ముఖం ఉన్న ఒకే షాట్‌ను సూపు గిన్నె, శవపేటికలో ఉన్న స్త్రీ, ఆడుకుంటున్న బాలిక దృశ్యాల పక్కన వేర్వేరుగా చేర్చినప్పుడు, ప్రేక్షకులు మారని ఆ ముఖంలో ఒక్కోసారి ఒక్కో భావాన్ని చూసి నటనను మెచ్చుకున్నారని కులెషోవ్ సహచరుడు పుడోవ్‌కిన్ రాశాడు. ఆ చిత్రం నేడు లభించదు, వృత్తాంతంలోని వివరాలపై పరిశోధకులకు సందేహాలూ ఉన్నాయి. అయినా తరగతి గదిలో మామూలు ఫోనుతో దాన్ని మళ్లీ చేసి చూడవచ్చు. చేసిన విద్యార్థికి తెలిసేది భయపెట్టే సంగతి: ఒక్క అబద్ధపు షాట్ కూడా లేకుండా అబద్ధపు వాక్యం కూర్చవచ్చు.

పనితనం పెరిగేకొద్దీ ఈ చిక్కు ముదురుతుంది, ఎందుకంటే ఎడిటింగ్ నైపుణ్యంలో పెద్ద భాగం అతుకును దాచే నైపుణ్యమే. ఒక చేనేత కార్మికురాలితో విద్యార్థులు అరగంట మాట్లాడి దాన్ని మూడు నిమిషాలకు కుదించారనుకుంటే, ఆమె మాటల మధ్య కోత పెట్టిన ప్రతిచోటా ముఖం ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. దాన్ని కప్పడానికి మగ్గం మీద కదిలే చేతుల దృశ్యం వేస్తారు, దీన్ని కట్‌అవే అంటారు. కోత దగ్గర చెవికి వెలితి తెలియకుండా రూమ్ టోన్ పరుస్తారు; ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించే సన్నని ధ్వనిని అర నిమిషం పాటు విడిగా రికార్డు చేసి పెట్టుకోవడం జాగ్రత్త తెలిసిన బృందానికి అలవాటు. ఈ రెండూ చక్కగా చేసిన విద్యార్థికి ఎక్కువ మార్కులు వస్తాయి. నిజం చెప్పమని బోధించే పాఠశాల ఇలా కప్పడాన్ని ఏ న్యాయంతో నేర్పుతుంది?

యోగసూత్రాలకు వ్యాసుడి పేరుతో ఉన్న భాష్యం, యమాలనే నైతిక నిగ్రహాలలో ఒకటైన సత్యాన్ని వివరించిన తీరు ఈ ప్రశ్నకు నేరుగా పనికివస్తుంది. ఆ భాష్యం ప్రకారం మాట ఉన్నది తన ఎరుకను ఎదుటివారికి చేరవేయడానికే. కాబట్టి చూసినదానికి, ఊహించినదానికి, విన్నదానికి అనుగుణంగా వాక్కూ మనసూ ఉండటమే కాక, ఆ మాట వంచిత కాకూడదు, భ్రాంత కాకూడదు, ప్రతిపత్తివంధ్య కాకూడదు. వంచిత అంటే మోసగించేది, భ్రాంత అంటే పొరపాటు వల్ల పుట్టినది, ప్రతిపత్తివంధ్య అంటే వినేవారిలో ఏ బోధనూ కలిగించలేనిది. మొదటి దోషానికి, ఆ భాష్యానికి తత్త్వవైశారది అనే వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు ఇచ్చిన ఉదాహరణ, ద్రోణుడికి ధర్మరాజు చెప్పిన జవాబు. చచ్చింది అశ్వత్థామ అనే ఏనుగని ధర్మరాజుకు తెలుసు, ద్రోణుడికి కలిగింది అదే పేరున్న తన కొడుకు చనిపోయాడన్న జ్ఞానం. పలికిన పదాల్లో ఏదీ అబద్ధం కాకపోయినా, చెప్పినవాడి ఎరుక విన్నవాడికి చేరలేదు కనుక అది అసత్యమే. భారతకథలో ఏనుగు అన్న మాటను ధర్మరాజు వినీ వినపడకుండా అన్నాడు. శబ్దస్థాయిని తగ్గించి చేసిన మోసానికి ఇంతకంటే స్పష్టమైన దృష్టాంతం దొరకదు కనుక ప్రతి ఆడియో తరగతిలోనూ ఆ ఘట్టాన్ని చర్చకు పెట్టాలి. ఈ కొలతతో చూస్తే కట్‌అవే నిర్దోషం కావచ్చు, దోషమూ కావచ్చు. ఆ కార్మికురాలు తడబడి రెండుసార్లు చెప్పినదాన్ని ఒకసారికి కుదిస్తే ఆమె ఎరుక చెక్కుచెదరకుండా చేరుతుంది. కూలి గిట్టడం లేదని చెప్పి, అయినా ఈ పని ఇష్టమని ఆమె అన్నప్పుడు మొదటి సగాన్ని తీసేసి, ఆ చోటును చేతుల దృశ్యంతో కప్పితే అది ధర్మరాజు చేసిన పనే. అందుకే పూర్తయిన చిత్రాన్ని మొదట ఆమెకే చూపించి, అవి తన మాటలేనని ఆమె అంటుందో లేదో తెలుసుకోవడం మర్యాద కోసం చేసే పని కాదు, ప్రామాణ్యపరీక్ష.

మూడో దోషమైన ప్రతిపత్తివంధ్యత గురించి తత్త్వవిచారకులు తక్కువ మాట్లాడారు, కానీ ధ్వనిగ్రహణం నేర్పేవారికి అన్నింటికంటే దగ్గరిది అదే. వినేవారికి తెలియని భాషలో మాట్లాడటాన్ని వాచస్పతి దీనికి ఉదాహరణగా చెప్పాడు. గాలి హోరులో మునిగిన గొంతు, మైకు దూరంగా ఉన్నందువల్ల గది ప్రతిధ్వనిలో కలిసిపోయిన మాట, స్థాయి మితిమీరి పగిలిన ధ్వని కూడా ఆ కోవలోవే. వీడియో కోసం చేసే డిజిటల్ రికార్డింగ్‌లో శబ్దతరంగాన్ని సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా భద్రపరుస్తారు. కొలవగల హద్దును దాటిన భాగం తెగిపోతుంది, దీన్ని క్లిప్పింగ్ అంటారు. అలా తెగిపోయినదానికి బదులు మరేదైనా పూరించవచ్చు గాని ఉన్నదాన్ని తిరిగి తేలేరు. అందువల్ల హెడ్‌ఫోన్‌లో వింటూ రికార్డు చేయడం, మైకును మనిషికి దగ్గరగా ఉంచడం, ఫ్యాను ఆపమని అడగడం సత్యానికి చెందిన విధులే. ఏడాదంతా సాంకేతిక పాఠాలు చెప్పి, చివరి వారంలో మీడియా నీతి గురించి ఒక పాఠం తగిలించే పద్ధతి ఈ కారణంగానే తప్పు. పేదల, వృద్ధుల, యాసలో మాట్లాడేవారి గొంతు అస్పష్టంగా రికార్డయినప్పుడు దాని మీద వ్యాఖ్యాత గొంతు వచ్చి కూర్చుంటుంది. అశ్రద్ధగా పట్టిన మైకు ఒక మనిషి సాక్ష్యాన్ని ఆ మనిషి నుంచే లాక్కుంటుంది.

కెమెరా కోణం విషయంలో ఇటువంటి ఎరుకను సూటిగా మాటల్లో పెట్టినవారు జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని ఈ రైతు స్త్రీలలో బడి ముఖం చూడనివారు కూడా వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. 2008లో మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపిందీ ఆ సంఘాల స్త్రీలే. పైనుంచి కిందికి చూసే కోణాన్ని వారు పటేల్ షాట్ అన్నారు, ఎందుకంటే భూస్వామి తమను చూసేది అలాగే. కింది నుంచి తలెత్తి చూసేది బానిస చూపు, కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. జైన తార్కికులు వస్తువును ఒక వైపు నుంచి గ్రహించే దృష్టిని నయమనీ, ఆ ఒక్క వైపే మొత్తమని పట్టుబట్టే దృష్టిని దుర్నయమనీ అన్నారు. కోణం లేని షాట్ ఉండదు కనుక ప్రతి షాటూ నయమే, అది తన కోణాన్ని దాచినప్పుడు దుర్నయమవుతుంది. ఈ విభజనను జహీరాబాద్ స్త్రీలు ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోయారు: నయాలకు కులమూ వర్గమూ ఉన్నాయని, చూసేవాడి స్థానం చూపులోకి దిగుతుందని పేర్లతోనే చెప్పారు. ఉన్నత పాఠశాల పాఠ్యపుస్తకంలో లో యాంగిల్, హై యాంగిల్ అన్న పదాల పక్కన ఈ పేర్లకు చోటివ్వడం ఎంతైనా అవసరం.

భాష్యం చివరగా మరొక షరతు పెడుతుంది: మాట ప్రాణులకు మేలు చేయాలి, హాని చేసేది సత్యంలా కనిపించినా సత్యం కాదు. దొంగలు అడిగితే వర్తకుల బిడారు వెళ్లిన దారిని ఉన్నదున్నట్టు చెప్పిన సత్యతపసుడి ఉదంతాన్ని వాచస్పతి ఇక్కడ ప్రస్తావించాడు. నేరానికి గురైన పిల్లలను, నేరానికి సాక్షులైన పిల్లలను గుర్తుపట్టేలా చేసే వివరాలను ఏ మాధ్యమంలోనూ వెల్లడించరాదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించడంలోనూ ఈ ఆలోచనే ఉంది. ఈ షరతును దుర్వినియోగం చేసే వీలూ లేకపోలేదు. మరుగుదొడ్ల దుస్థితి మీద విద్యార్థులు తీసిన చిత్రాన్ని, పాఠశాలకు హాని చేస్తుందన్న పేరుతో యాజమాన్యం ఆపేయవచ్చు. కానీ భాష్యం మాట్లాడింది ప్రాణుల హాని గురించి. సంస్థ పరువు ప్రాణి కాదు, ఆ మరుగుదొడ్లను వాడలేక రోజంతా నీళ్లు తాగకుండా ఉండే బాలిక ప్రాణి. ఎవరికి హాని అన్న విచారణ ప్రతి చిత్రం దగ్గరా విడిగా, ఆ చిత్రం తీసినవారి సమక్షంలో జరగాలి. అలాంటి విచారణ తర్వాత, తోటి విద్యార్థి కన్నీళ్లు ఉన్న ఒక మంచి షాట్‌ను, లేదా చిత్రం మొత్తాన్ని ప్రదర్శించకూడదని ఒక విద్యార్థి తనంత తానే నిర్ణయించి, అందుకు కారణాలను రాతపూర్వకంగా ఉపాధ్యాయుడి ముందు ఉంచినప్పుడు, ప్రదర్శించిన చిత్రానికి వేసినట్టే ఆ పనికీ పూర్తి మార్కులు వేసే ఏర్పాటు మూల్యాంకనంలో ఉండాలి.