పాటను మెచ్చుట, నిందను మోయుట

ధ్యానభాగములు: 1 సమూయేలు 18:6–9, సామెతలు 18:17

దావీదు గొల్యాతును చంపి తిరిగివచ్చుచుండగా ఇశ్రాయేలు స్త్రీలు ఊరూరనుండి ఎదురువచ్చి, వాయిద్యములతో నాట్యమాడుచు ఒక క్రొత్త పాట పాడిరి. సౌలు పద్దున వేలును, దావీదు పద్దున పదివేలును వేసి లెక్క చెప్పిరి. వారు సంతోషముతో పాడిరేగాని కలహము పెట్టవలెనని పాడినట్లు లేఖనము చెప్పదు. అయినను ఆ దినము మొదలుకొని సౌలు హృదయములో అసూయ చోటుచేసికొనెను. పాట ముగిసెను, స్త్రీలు తమ యిండ్లకు వెళ్లిరి, పగ మాత్రము నిలిచిపోయెను. ఇద్దరు మనుష్యులను త్రాసులో వేసి తూచు పాటను విని ఆనందించువారికి ఏమైన బాధ్యత కలదా అను ప్రశ్న నేటిది కాదు.

క్రొత్తగా వెలువడిన రాప్, పాప్ పాటలనుగూర్చి యౌవనస్థులు గంటల తరబడి వాదించుకొనుట మనము చూచుచున్నాము. ఎవరి ప్రాస చక్కగా కుదిరినది, ఎవరి మాటలో శ్లేష యున్నది, ఎవరు తమ పాట తామే వ్రాసికొందురు అని వారు తర్కింతురు. పెద్దలు దీనిని వ్యర్థప్రసంగమని త్రోసివేయ నక్కరలేదు. ఒక పాటను పదిమారులు విని, అది ఎందుచేత బాగున్నదో స్నేహితునికి కారణము చూపగలుగుట బుద్ధికి మంచి సాధనయే. అయితే వాదము పాటతో మొదలై మనుష్యుని నడవడితో ముగియుచున్నప్పుడు ఏమి చేయవలెను? మనము ఆలోచింపవలసినది ఇదియే.

2024వ సంవత్సరమున జరిగిన యొక సంగతిని దృష్టాంతముగా తీసికొందము. రాప్ అనగా తాళమునకు సరిపడ ప్రాసలతో వడివడిగా పలుకు పాట. 1973లో న్యూయార్కు నగరములోని బ్రాంక్స్‌లో జరిగిన యొక విందునుండి దాని చరిత్రను లెక్కింతురు. ప్రతిపక్షిని పాటలోనే ఎగతాళి చేసి ఓడించుట ఆ కళలో పాత ఆచారము. తిట్టుకవిత్వమను మాట నెరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచదు. కాలిఫోర్నియాలోని కాంప్టన్ వాడగు కెండ్రిక్ లమార్‌కును, కెనడాలోని టొరాంటో వాడగు డ్రేక్‌కును నడుమ ఆ సంవత్సరము మార్చి నెలలో రాజుకొనిన స్పర్ధ మే మొదటి వారమున మంటయై లేచెను. ఎగతాళితో మొదలైన పాటలు దారుణమైన నేరములను ఒకరిపై నొకరు మోపుకొనుటతో ముగిసెను. వాటిలో ఏదియు న్యాయస్థానమున రుజువు కాలేదు. డ్రేక్ తనపై మోపబడిన దానిని ఖండించెను. అయినను మే 4న వెలువడిన ‘నాట్ లైక్ అస్’ అను లమార్ పాటను జనులు విందులలో గంతులు వేయుచు పాడుకొనిరి. 2025 ఫిబ్రవరి 2న దానికి అయిదు గ్రామీ బహుమతులు వచ్చెను. మరు వారమే న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్ ఆటనడుమ లమార్ దానిని పాడినప్పుడు, నేరమును పేర్కొను ఆ యొక్క మాటను పలుకక విడిచెను.

డ్రేక్ దావా వేసినది లమార్‌పై కాదు, ఆ పాటను విక్రయించిన యూనివర్సల్ మ్యూజిక్ గ్రూపుపై. డ్రేక్ పాటలను విక్రయించినదియు ఆ కంపెనీయే. 2025 అక్టోబరు 9న న్యూయార్కులోని ఫెడరల్ న్యాయాధిపతి ఆ దావాను కొట్టివేసెను. ఇట్టి పాటల పోరులో పలికిన మాటను వివేకముగల శ్రోత నిజమైన సమాచారముగా తీసికొనడనుట తీర్పులోని ముఖ్యాంశము. డ్రేక్ పై న్యాయస్థానమును ఆశ్రయించెను.

ఆ తీర్పులోని న్యాయశాస్త్రమును విమర్శించుట మా పని కాదు. అయితే ఒక సంగతి గమనింపుడి. శ్రోత వివేకియను నమ్మకముమీదనే ఆ తీర్పు నిలిచియున్నది. ఆ వివేకముగల శ్రోత మనమేనా? స్నేహితుల గోష్ఠిలో మొదట, ‘ఈ పాట బాగున్నది’ అందురు. పిమ్మట, ‘అతడు ఓడిపోయెను’ అందురు. కడపట, ‘అతడు అట్టివాడే’ అందురు. మొదటిది అభిరుచి, రెండవది తీర్పు, మూడవది సాక్ష్యము. మెట్లు చిన్నవి గనుక దిగినట్లే తెలియదు. కాని సాక్షి తాను చూచినదానిని చెప్పవలెను. పాట విన్నవాడు ఎరిగినది ఆ పాటను మాత్రమే. నిరాధారమైన మాటను మోయవద్దనియు, గుంపు వెంట చెడుకు పోవద్దనియు నిర్గమకాండము 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. వేలమంది కలిసి పాడుటవలన ఒక నింద మధురమగునేగాని నిజము కాదు.

ఇది ఆటయేగదా, ఆటలో అతిశయోక్తి తప్పా అని కొందరడుగుదురు. ఆటలో దిగినవారు దెబ్బ తినుటకు ఒప్పుకొనియే దిగిరనుకొందము. వారి బిడ్డలు ఒప్పుకొనలేదే! మే 3న వెలువడిన యొక పాట డ్రేక్ చిన్న కుమారుని పిలిచి మాటలాడుచున్నది. ఆ బాలుడు రేపు ఎదిగి దానిని వినును.

ఇంతకంటె బరువైన ఆక్షేపణ యొకటి కలదు. కొన్ని నిందలు నిజమగును గదా, ప్రసిద్ధులు చేసిన అన్యాయమును కప్పిపుచ్చుటకు ఈ జాగ్రత్త సాయపడదా అని అడుగవచ్చును. ఈ మాటను మేము తేలికగా తీసికొనము. ఆర్. కెల్లీ అను గాయకునిగూర్చి ఏండ్ల తరబడి జనులు గుసగుసలాడిరి, హాస్యప్రదర్శనలలో నవ్వుకొనిరి. ఆ నవ్వు ఏ బాలికను కాపాడలేదు. బాధితులైన స్త్రీలు న్యాయస్థానమున నిలిచి సాక్ష్యమిచ్చినప్పుడే, 2021లో, అతడు దోషియని తేలెను. మరుసటి యేట ముప్పది సంవత్సరముల శిక్ష విధింపబడెను. గనుక నింద నిజమైనచో అది నాట్యమునకు పల్లవి కాదగదు. నిదానముగా, కన్నీటితో వినదగిన సంగతి అది. అబద్ధమైనచో అది నిర్దోషిపై రాయి. ఏ విధముగా చూచినను గంతులకు అది తగినది కాదు.

అట్లయిన పాటలు వినుట మానవలెనా? మేము అట్లనుట లేదు. పాటను పాటగా మెచ్చుకొనవచ్చును, లేదా తప్పు పట్టవచ్చును. ‘పాటలో అతడిట్లు ఆరోపించెను’ అనుటకును, ‘అతడిట్లు చేసెను’ అనుటకును గల భేదమును నాలుక మరువకుండవలెను. మొదట పలికినవాని మాటయే న్యాయముగా తోచుననియు, ఎదుటివాడు వచ్చినప్పుడే సంగతి తేలుననియు సామెతలకర్త ఎరుగును. మనకు ప్రియమైన గాయకుని మెచ్చనివాడు మనకు శత్రువు కాడు. ఎన్నడును మన పేరైన ఎరుగని గాయకుని కొరకు, మన కష్టమునాడు తలుపు తట్టు స్నేహితుని పోగొట్టుకొనుట ఎంత నష్టము!

ఆ వేలు, పదివేల పాట మ్రోగిన దేశములోనే యోనాతాను ఉండెను. అందులో తక్కువగా తూచబడినవాడు అతని తండ్రి. ఎక్కువగా తూచబడినవాడు అతని స్నేహితుడు. అతడు ఏ గుంపులోను చేరి కేకలు వేయలేదు. తండ్రియొద్దకు వెళ్లి, దావీదు చేసిన మేలును ఎత్తి చెప్పి, నిరపరాధికి కీడు చేయుట ఎందుకని అడిగెను. కొంతకాలమైనను సౌలు కోపము చల్లారెను. మన స్నేహితుల నడుమ అట్టి మాట పలుకువాడు ఒక్కడైన నుండునా?